మెట్ల మీది ఆయన

నిషామణి తన భర్త పేరు పలకగా నేను ఎన్నడూ వినలేదు. గంజాం తీరంలో ఆ తరం ఇల్లాళ్ళెవరూ పలికేవారు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని భయం. రేషను కార్డులు రాసే ఉద్యోగి హోటలుకి వచ్చి, "మీ ఆయన పేరేమిటమ్మా?" అని అడిగితే, ఆమె కొంగు పళ్ళమధ్య పట్టుకుని, "జగన్నాథుడి అన్నగారు" అంది.

"ఎవరు, బలభద్రుడా?"

"ఆయనే. ఆయన భుజం మీద ఏముంటుంది?"

"నాగలి."

"మరింకేం, రాసుకోండి."

వంటవాడు మాగుణి గుమ్మంలోంచి తొంగిచూసి, "నాగలి అని రాసేరు బాబూ! హలధర్ అని రాయండి. మా మావుసీతో మాట్లాడాలంటే ముందు పురాణం చదువుకుని రావాలి" అన్నాడు. మావుసీ అంటే పిన్ని. హోటల్లో అందరికీ ఆమె పిన్నే. కార్డులో పేరు హలధర్ అని పడింది. పక్కన 'ఊళ్ళో లేడు' అని రాశారు. అప్పటికి ఆయన ఊళ్ళో లేక పధ్నాలుగేళ్ళు.

మేం పనిచేసిన ఆ హోటలు గోపాల్‌పూర్ సముద్రపుటొడ్డున ఉండేది. రంగూన్ ఓడలు తిరిగే రోజుల్లో ఎవరో దొర కట్టించి బెల్‌వ్యూ అని పేరు పెట్టాడు. ఊరివాళ్ళ నోట అది బేళాభూమి అయింది. ఒడియాలో ఆ మాటకి సముద్రపుటొడ్డు అనే అర్థం కనక తప్పు పలుకుతున్నామని ఎవరికీ తోచలేదు. ఓడలు ఆగిపోయాక ఊరూ ఆగిపోయింది. నేను గుమాస్తాగా చేరేనాటికి హోటల్లో సగం గదుల్లో ఇసక మేట వేసి ఉంది.

పాత భవనం, ఉప్పుగాలి, తాళాలు వేసిన గదులు. అక్కడ దెయ్యాలకి కొదవలేదు. మేడమీది వరండాలో ఓ కెప్టెను భార్య పట్టుగౌను ఈడ్చుకుంటూ తిరుగుతుందనేవారు. అది ఊడిన తడిక గచ్చుకి రాసుకునే చప్పుడు. భోజనాల హాల్లో పియానో దానంతటదే మోగుతుందనేవారు. దాని కడుపులో పందికొక్కు పిల్లలు పెట్టింది. మాగుణి రోజూ దానికి రొట్టెముక్కలు వేసి, "బాలింతరాలు బాబూ, పాలివ్వాలి కదా" అనేవాడు. పదకొండో నంబరు గదిలో కలరాతో పోయిన పాదిరీ దగ్గుతాడనేవారు. ఆ దగ్గు ఎవరిదో నాకు తెలియదు. నేనూ విన్నాను.

హలధర్ అక్కడ దీపాలవాడు. కరెంటు రాకముందు అరవై లాంతర్ల చిమ్నీలు తుడిచి, వత్తులు కత్తిరించి, పొద్దువాలేసరికి గదిగదికీ పెట్టేవాడట. రేవులో ఓడ ఉన్న సాయంత్రం సముద్రం వైపు మెట్ల మీద పెద్ద లాంతరు ఒకటి పెట్టేవాడు. అలలు దాటి వచ్చే పడవలకి అది గుర్తు. నలభై ఒకటో సంవత్సరం మార్గశిరంలో ఒకనాడు ఎవరో గెస్టు ఓడెక్కాక ఆయన పెట్టె గదిలోనే ఉండిపోయిందని తేలింది. అప్పటి మేనేజరు దొర హలధర్‌ని ఆ పెట్టెతో పడవెక్కించాడు. పడవ తిరిగి వచ్చింది, హలధర్ రాలేదు. రంగూన్‌లో కూలి బాగా గిడుతుందని చెప్పి ఓడలోనే ఉండిపోయాడని పడవవాళ్ళన్నారు. మరి రెండు వారాలకి రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కణ్ణించి నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. హలధర్ సంగతి ఎవరూ తేలేదు.

నిషామణికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. భర్త చేసే దీపాల పని ఆమె అందుకుంది. కరెంటు వచ్చాక ఆ పని పోయి గదులు తుడిచే పని వచ్చింది. అయినా సముద్రం వైపు మెట్ల మీద లాంతరు మాత్రం రోజూ పెట్టేది. పెట్టి రెండు నిమిషాలు నిలబడి, చేతులు జోడించి, వచ్చేసేది. నుదుట రూపాయంత బొట్టు, చేతులకి శంఖం గాజులు, రోజూ అన్నంలో చేప. ఆ దేశంలో ముత్తైదువ చేప లేకుండా భోంచెయ్యకూడదు. భర్త పోయిన నాటినుంచి ముల్లు కూడా ముట్టకూడదు.

ఆ చేప ఆమె కొనేది కాదు. పొద్దున్నే పోలయ్య కోడలు తామరాకులో ఒకటి చుట్టి తెచ్చి ఇచ్చి పోయేది. పోలయ్య నోలియా. సముద్రంలోకి పోయే మన తెలుగు జాలరులనే అక్కడ నోలియాలంటారు. ఒకప్పుడు ఓడరేవు పడవకి తండేలు, అంటే దాన్ని నడిపే పెద్ద. "ఎందుకే రోజూ?" అంటే కోడలు, "మా మామ ఇమ్మన్నాడు" అనేది. మంచివాళ్ళని నిషామణి అనుకునేది. నేనూ అనుకున్నాను.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో కలకత్తా నుంచి మిస్ రొజారియో అనే ఆవిడ వచ్చి దిగింది. అక్కడి ఇంగ్లీషు పత్రికల్లో రాస్తుందట. సాయంత్రం మెట్ల దగ్గర లాంతరు పెడుతున్న నిషామణిని చూసి, ఎవరికోసమని నాచేత అడిగించింది.

నిషామణి నవ్వుతూనే చెప్పింది. "ఆయన కోసమమ్మా. ఆయన సముద్రంలోంచే వస్తారు. ఈ మెట్ల మీదుగానే రావాలి. చీకట్లో దారి తప్పకూడదు కదా."

నేను చదివింది పల్లెటూరి బడి. నాకొచ్చిన ఇంగ్లీషులో మాటకి మాట చెప్పాను. మన భాషల్లో ఒక ఇల్లాలు 'ఆయన' అంటే ఇంకెవరు అని అడగక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ మాటకి బొట్టూ లేదు, గాజులూ లేవు. 'ఆయన' ఎవరో చెప్పాలని నాకు తట్టనే లేదు. మిస్ రొజారియో ముఖం తెల్లబడింది. మర్నాడే సామాను సర్దుకుంది. నెల తిరిగేసరికి ఆమె రాసింది అచ్చయి వచ్చింది. సముద్రంలోంచి లేచి మెట్లెక్కే దీపాల మనిషి, అతనికి దీపం చూపే ముసలి దాసి. మా నిషామణికి అప్పటికి నలభై నిండలేదు.

హోటలు యజమాని గదాధర చౌధురీ ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "గుమాస్తా బాబూ, నా తండ్రీ! ఏం తర్జుమా చేశావయ్యా! దసరాకి గదులన్నీ ఇప్పుడే అడిగేస్తున్నారు. మెట్ల వైపు గదే కావాలట ప్రతివాడికీ!"

"అది దెయ్యం కాదండీ. ఆవిడ భర్త."

"భర్తయితే దెయ్యం కాకూడదా? నా భార్యనడుగు, భర్తా దెయ్యమూ ఒకటే అంటుంది" అని నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ చూరు ఎప్పుడు కూలుతుందో అని భయపడుతూ బతికేవాడు.

దసరాకి జనం వచ్చారు. దెయ్యాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి అది కనబడక మానుతుందా? ఒకరు తడిబట్టలతో చూశామన్నారు. ఒకరు మెట్ల మీద ఇసక పాదాల గుర్తులు చూపించారు. ఒకావిడ మాత్రం పొద్దున ఫలహారం దగ్గర వణుకుతూ, అతను కిటికీ కింద నిలబడి నీళ్ళడిగాడని చెప్పింది. ఆ పక్కనే గచ్చు తుడుస్తున్న నిషామణి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, నీళ్ళడిగారందా ఆ అమ్మ?"

"కలొచ్చి ఉంటుంది మావుసీ. ముక్కూ మొహం తెలియనిదాన్ని మీ ఆయనెందుకడుగుతాడు? అడిగితే నిన్నడగడూ?"

"నన్నెలా అడుగుతారు బాబూ? ఇంత బొట్టు పెట్టుకుని ఎదురుగా నిలబడితే? బతికున్నారనుకుని ఎదురు చూస్తున్నానని మొహమాటపడుతున్నారు."

జరిగిన పొరపాటంతా చెప్పాను. నా తర్జుమా, మిస్ రొజారియో భయం, పత్రిక, అన్నీ. ఆమె ఓపిగ్గా విన్నది.

"నా మాట మార్చి చెప్పావా?"

"మార్చలేదు."

"మరి నీ తప్పేముంది? నేనే అన్నాను, సముద్రంలోంచి వస్తారని. నా నోటివెంట ఎందుకొచ్చింది ఆ మాట?" గాజులు పైకి తోసుకుంది. "పోయి ఉంటే, ఇరవై ఏళ్ళుగా గొంతు తడిపినవాళ్ళు లేక తిరుగుతున్నారు. బతికే ఉంటే, పిండం పెట్టి నేనే చంపినదాన్నవుతాను. ఏది బాబూ? ఇది ఎవరు చెప్తారు నాకు?"

ఆనాటినుంచి ఆమెకి తిండి సయించలేదు. ఒక పూట నేనే ఆమెను గుడి దగ్గరికి, ఆర్తత్రాణ మిశ్ర గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన పెద్ద పండితుడు కాడు గాని, ఎవరొచ్చినా ముందు చాప వేసి మంచినీళ్ళిచ్చేవాడు.

"పన్నెండేళ్ళు దాటితే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చమ్మా. దోషం లేదు" అన్నాడు.

"చేశాక తిరిగొస్తే?"

"వస్తే మళ్ళీ పుట్టినట్టే లెక్క. నేతికుండలో ముంచి తీసి, పురుడు చేసి, పేరు పెట్టి, అన్నప్రాశన చేసి, మళ్ళీ నీతోనే పెళ్ళి చేస్తాం."

నిషామణి ఫక్కున నవ్వింది. "ఈ వయసులో నేను పసిపిల్లాణ్ణి చేసుకోవాలా స్వామీ? ఉగ్గు పెట్టేది కూడా నేనేనా?" మిశ్రగారూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె కళ్ళు నిండాయి. "లేదు స్వామీ. తెలియకుండా చెయ్యలేను. తెలిస్తే చేస్తాను" అని లేచిపోయింది.

ఆ మాట మాగుణితో చెప్పాను. యుద్ధం ముందునుంచీ ఆ వంటింట్లో ఉన్నవాడు అతనొక్కడే. ఎప్పుడూ ఏదో ఒక పరాచికమాడే మనిషి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"నేను చూడలేదు బాబూ. చూడనిది ఎలా చెప్పను? కాని ఒక్క మాట. ఇరవై ఏళ్ళు ఊరికే ఎవరూ చేపలివ్వరు. వెళ్ళి ఆ పోలయ్యనడుగు. నేను అడగలేక పందికొక్కులతో కబుర్లు చెప్పుకుంటున్నాను."

పోలయ్యకి అప్పటికి చూపు పోయింది. ఇంటిముందు ఇసకలో కూర్చుని చేతివేళ్ళతో తడుముతూ వల బాగుచేస్తున్నాడు. నా గొంతు విని, "రండి బాబూ. బేళాభూమి బాబు కదూ? కూకోండి" అన్నాడు. నేను హలధర్ పేరెత్తగానే వేళ్ళు ఆగాయి. కోడల్ని లోపలికి పొమ్మన్నాడు.

"ఎవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పాలనే వచ్చాను."

"ఓడకాడికి ఎల్లినాం బాబూ. ఆ పెట్టి అందించీసినాం. మల్లొచ్చినప్పుడు ఒడ్డుకాడి అల మీద పడవ తిరగబడిపోనాది. మాకు ఈతొచ్చు. ఆ బాబుకి రాదు. సేతికి ఒక్కపాలి సిక్కినాడు, జారిపోనాడు. మూడో నాడు పాయ కలిసిన కాడ ఒడ్డుకొచ్చినాడు. దొరొచ్చి సూసినాడు. ఓడల కాలం, ఇలాటిది ఊళ్ళో తెలిస్తే ఎవడూ మన రేవులో ఎక్కడు, నోరిప్పితే మీ పడవలు నాకొద్దు అన్నాడు. ఇసకలో పెట్టీసి, ఓడలోనే ఉండిపోనాడని సెప్పమన్నాడు. ఆ పడవల మీదే బతికీ పదిళ్ళవోళ్ళం బాబూ. పెట్టీసినాం."

"ఆ దొర వెళ్ళిపోయి ఎన్నేళ్ళయింది! తరువాతైనా చెప్పొచ్చు కదా."

"మొదట భయం. మరి ఆ తల్లి మొగం సూసి నోరు రానేదు. ఒక ఏడయితే సెప్పొచ్చు. పదేళ్ళయినాక ఏటని సెప్పీది?"

"మరి ఆ చేప?"

పోలయ్య గుడ్డికళ్ళు నావైపు తిప్పాడు. "సేప నేకుండా ముత్తైదువ ఎలా తింటాది బాబూ? నాను సెప్పనంతకాలం ఆ తల్లి ముత్తైదువే కదా."

తిరిగి వచ్చేటప్పుడు అంత దూరమూ నేను జగన్నాథుణ్ణి ఒక్కటే అడిగాను. నా నోటితో కాకుండా ఎలాగైనా ఆమెకి తెలియనిమ్మని. ఆ వరం దొరకలేదు.

నిషామణి హోటలు పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆనాటి చేప పొలుసు తీస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక కూడా చేతులు ఆపలేదు. పొలుసు తీసింది, మొప్పలు కోసింది, కడిగింది, ముక్కలు చేసింది. నా మాట అయిపోయింది. ముక్కలు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెవైపే చూస్తూ కూర్చుంది.

"రోజూ తిన్నాను బాబూ" అంది చివరికి. "ఆయన్ని మింగిన సముద్రంలో చేప. నా మొగుడికి నీటిబొట్టు వదలకుండా, ముల్లు కూడా వదలకుండా తిన్నాను."

లేవబోయి గోడ పట్టుకుంది. అక్కడే వాంతి చేసుకుంది. ఖాళీ కడుపు, నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. మాగుణి వంటింట్లోంచి వచ్చాడు. చేపగిన్నె తీసుకుపోయాడు. నీళ్ళు తెచ్చి గచ్చు కడిగాడు. ఆమె మొహం తన చెంగుతో తుడిచాడు. అది అతని కులానికీ ఆమె కులానికీ చెల్లే పని కాదు.

నాలుగో రోజు కర్మ పెట్టుకున్నాం. హలధర్‌ని పూడ్చిన ఒడ్డు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది. ఎక్కడ చెయ్యాలన్నదే చిక్కయింది. పోలయ్య కోడలి భుజం పట్టుకుని వచ్చాడు. పాయ నీళ్ళూ సముద్రమూ కలిసే చప్పుడు వింటూ ఇసకలో నడిచి, ఒకచోట ఆగి, "దీనికి తిన్నగానే. లోపలికి రెండు బారలుంటాది" అన్నాడు. తరువాత దూరంగా పోయి నిలబడ్డాడు. మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు ముందు అతనికి ఇమ్మంది నిషామణి.

మిశ్రగారు దర్భలతో మనిషి ఆకారం కట్టారు. తలకి కొబ్బరికాయ పెట్టారు. చౌధురీ గంధపు చెక్క పంపాడు, తను రాలేదు.

"పేరు నువ్వే ఎత్తాలమ్మా" అన్నారు మిశ్రగారు. "ఎత్తకపోతే ఆయనకి చేరదు."

నిషామణి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మరోసారి ప్రయత్నించి తలదించుకుని, "స్వామీ, మహాప్రభువు అన్నగారి భుజం మీద..." అంది. ఇంక ఆయుష్షు తరగడానికి ఏముందని మాలో ఎవరికీ అడగబుద్ధి కాలేదు. మిశ్రగారు గొంతు సవరించుకుని, హలధర నామధేయస్య అని తనే పలికారు. బొమ్మ నిమిషంలో కాలిపోయింది. దర్భలకి ఎంతసేపు పడుతుంది? మంగలి పెళ్ళాం శంఖం గాజులు రాయి మీద పగలగొట్టింది. బొట్టు మాత్రం నిషామణి తనే సముద్రపు నీళ్ళతో కడుక్కుంది. ఇరవై ఏళ్ళ సిందూరం, నుదుటిమీద మచ్చలాగా మిగిలే ఉంది.

మర్నాటినుంచి పోలయ్య కోడలు చేప తేవడం మానేసింది. తెల్లచీరలో నిషామణి ఎప్పటిలాగే గదులు తుడిచింది. మెట్ల మీద లాంతరు పెట్టలేదు. చౌధురీ రెండు వారాలు చూసి, అక్కడ లాంతరు ఆకారంలో ఒక కరెంటు బల్బు పెట్టించాడు. కథ చెప్పడం ఆపమని నేను అడిగాను. "నేనాపినా వాళ్ళాపుతారా బాబూ?" అన్నాడు. అదీ నిజమే.

మళ్ళీ దసరా వచ్చింది. కటక్ నుంచి వచ్చిన ఒక వకీలు గారి భార్య, పొద్దున ఫలహారం దగ్గర అందరూ వినేలా, దీపాల మనిషి మెట్ల మీద నిలబడి నీళ్ళడిగాడని చెప్పింది. మాగుణి చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. నేను నిషామణి వైపు చూడలేకపోయాను. పెట్టిన నీళ్ళు చేరలేదని ఆమె అనుకుంటే ఇంక ఆమె బతకదని నాకు తెలుసు.

నిషామణి చీపురు గోడకి ఆనించి, ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఎలా ఉన్నాడమ్మా?"

"చీకట్లో ఏం తెలుస్తుంది? పొడుగ్గా, బక్కపల్చగా ఉన్నాడు."

"పొడుగా?"

"అవును."

"అయితే ఆయన కాదమ్మా" అంది నిషామణి. "మా ఆయన పొట్టి. ఆయనకిచ్చేశాం. ఇది ఇంకెవరో. ఈ నీళ్ళలో పోయినవాళ్ళు ఒకళ్ళా ఇద్దరా? పాపం, వాళ్ళింట్లో వాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పి ఉండరు."

హోటలు బావి నీళ్ళు ఉప్పు. ఆ మధ్యాహ్నం ఆమె గుడి బావి నుంచి ఒక కుండెడు మంచినీళ్ళు మోసుకొచ్చి, సముద్రం వైపు మెట్ల మీద పెట్టి, పైన ఆకు మూసి, దాని మీద చిన్న రాయి ఉంచింది. మర్నాడూ తెచ్చింది. పోయేదాకా ఎనిమిదేళ్ళు రోజూ తెచ్చింది. జ్వరంతో లేవలేని రోజుల్లో మాగుణి తెచ్చేవాడు. పొద్దువాలేసరికి కుండ ఖాళీ అయ్యేది. వలలు మోసుకొచ్చే నోలియాలు తాగేవారు, కుక్కలు తాగేవి, కాకులు తాగేవి. ఎవరు తాగారని ఆమె ఎన్నడూ అడగలేదు.